గెడ్డలో నిలిపిన బండి

అనంతగిరి ఘాటీ సగం ఎక్కామో లేదో, వెనకనుంచి ఒక లారీవాడు హారన్ మొదలుపెట్టాడు. సైడ్ అడుగుతున్నాడు కాబోలని ఎడమకి తీశాను. అయినా దాటి పోడు, ఇంకా గట్టిగా కొడుతున్నాడు. అద్దంలోంచి చూస్తే చెయ్యి బయటపెట్టి ఆపమని ఊపుతున్నాడు.

"మనల్నేనండీ" అంది మా హైమావతి పక్క సీట్లోంచి.

"మనమేం చేశాం?" అన్నాను.

ఆపి, దిగి వెనక్కి వెళ్తే బండి వెనక భాగం కనపడలేదు. అంతా ఆవిరి. లోపల ఏదో కుతకుతా ఉడుకుతున్న చప్పుడు.

లారీ డ్రైవరు దిగి వచ్చాడు. పేరు అప్పలకొండ అని తర్వాత తెలిసింది. లుంగీ ఎగ్గట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏటి బాబూ, ఎనకాల బండి ఉడికిపోతన్నాది. నువ్వేమో ముందల కూకుని పాటలినుకుంటన్నావు."

"ఏం తెలీలేదయ్యా. వాసన కూడా రాలేదు."

"ఇంజను ఒకూర్లో, నువ్వొకూర్లో. ఎలా తెలస్తాది?"

అతనన్నది నిజమే. మాది ట్రావెల్స్ వాళ్లు వదిలించుకున్న పాత బస్సు. సీట్లన్నీ పీకించి, మంచం, గ్యాస్ పొయ్యి, బుల్లి బాత్రూమ్ పెట్టించి ఇల్లు చేయించాను. ఇంజన్ వెనకాల ఉండబట్టి లోపల హాయిగా, చప్పుడు లేకుండా ఉంటుంది. దాని గొప్పా అదే, దాని రోగమూ అదే. లారీ పరిగెడుతుంటే ఎదురుగాలి తిన్నగా రేడియేటర్ మొహాన కొడుతుంది. మా బండికి ఆ గాలి అందదు. పక్కనున్న జాలీలోంచి ఫ్యాన్ లాక్కోవాల్సిందే. ఆ జాలీకేమో వెనక టైర్లు లేపే దుమ్మంతా పడుతుంది. పైగా బాత్రూమ్ గోడ కోసం బాడీ కట్టినాయన జాలీలో సగం రేకు కొట్టి మూసేశాడు. మైదానంలో ఎలాగో నెట్టుకొచ్చింది. ఘాటీలో చేతులెత్తేసింది.

అప్పలకొండ నీళ్లు తెచ్చాడు, పోశాం. మళ్లీ ఉడికాయి. ఇంకా పోశాం. ఇంకా ఉడికాయి.

అప్పుడు హైమ దిగి వచ్చింది. ఒంటిమీద చేతుల్లేని నీలం కోటు. దాని అంచున ఉన్న చిన్న మూత తిప్పి, టీ చెంచాలోకి చిక్కటి నీలం నీళ్లు వంచింది.

"మూత తియ్యండి. తోడు వేస్తాను" అంది.

ఆ కోటు గురించి చెప్పకపోతే ఈ సంగతి ఎవరికీ అర్థం కాదు. చెప్పినా నాకు ఎంతవరకు అర్థమైందో నాకే అనుమానం.

తునిలో మాకు టెంట్ హౌస్ ఉండేది. షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు. పెళ్లెక్కడ ఉంటే హైమ అక్కడికి, సామాను లారీలో కుర్చీల మీద కూర్చుని మరీ వచ్చేది. ఒకసారి పెద్ద జ్వరం వచ్చి లేచింది. లేచిన తర్వాత ఒంటికి చెమట పట్టడం ఆగిపోయింది. మొదట్లో మంచిదే కదా అనుకున్నాం. డాక్టరు మాత్రం తల పట్టుకున్నాడు. చెమట పట్టకపోతే ఒంట్లో వేడి బయటికి పోదట, ఎండలో కాసేపు నిలబడ్డా ప్రాణం మీదకు వస్తుందట. అప్పటినుంచి ఆమె ఏసీ గది దాటలేదు. కిటికీ అద్దంలోంచి సామాను లారీ వెళ్తుంటే చూసేది, అంతే.

మా అక్క కూతురు మృదుల విశాఖలో ఒక ప్రయోగశాలలో పనిచేస్తుంది. ఒకరోజు అత్తయ్యని రమ్మని కబురు పెట్టింది. వెళ్లేసరికి గాజుగ్లాసులో నీలం నీళ్లు పోసి హైమ చేతికిచ్చింది. ఇంకో గ్లాసు తీసుకుని పక్కగదిలోకి వెళ్లి మంచులో పెట్టింది. హైమ చేతిలో గ్లాసు చల్లబడిపోయింది. మధ్యలో తీగ లేదు, గొట్టం లేదు, గోడ ఒక్కటే ఉంది. నేను గోడ అవతలికి వెళ్లి చూసి వచ్చాను. మళ్లీ వెళ్లి చూసి వచ్చాను.

"ఇవి రెండు గ్లాసులు కాదు మావయ్యా. ఒకటే నీళ్లు, రెండు చోట్ల ఉన్నాయి అంతే. అక్కడ చల్లబడితే ఇక్కడా చల్లబడతాయి" అంది మృదుల.

"ఎంత దూరమున్నా?"

"ఎంత దూరమున్నా."

కింద అంతస్తులో పెద్ద ట్యాంకు నిండా అవే నీళ్లు. పక్కనే వాటిని చల్లగా ఉంచే యంత్రం. కోటు కుట్టి, అందులో మామూలు కుళాయి నీళ్లు పోసి, ట్యాంకులోంచి ఒక్క చెంచా కలిపింది. కాసేపటికి అవీ చిక్కబడి నీలంగా మారాయి.

"ఓసి, పాలు తోడుకున్నట్టే ఉందే" అంది హైమ.

"అచ్చం అంతే అత్తా" అని నవ్వింది మృదుల. "చిరగనివ్వకు. జాగ్రత్త."

చెప్పిన జాగ్రత్త ఆ ఒక్కటే. ఇంకోమాట చెప్పాలని ఆ పిల్లకి తోచలేదు.

ఆ కోటు వేసుకుని హైమ మిట్టమధ్యాహ్నం ప్రయోగశాల గేటు బయట నిలబడి, చెరుకురసం తాగింది. నేను గొడుగు పడితే పక్కకి తోసేసింది. మర్నాడే టెంట్ హౌస్ బేరం పెట్టాను. ఆ బస్సు కొన్నాను.

ఘాటీలో హైమ వేసిన తోడు బాగా పనిచేసింది. కుతకుత ఆగింది. ఆవిరి పోయింది. రేడియేటర్ మీద చెయ్యి పెడితే మంచినీళ్ల కుండలా ఉంది. అప్పలకొండ కూడా చెయ్యి పెట్టి చూసి, వాసన చూసి, నా వంక అనుమానంగా చూశాడు.

"ఏటమ్మా ఇది, మందా?"

"మా మేనకోడలు చేసింది. నీక్కూడా కావాలా నాయనా?"

"నాదీ ఎప్పుడూ ఏడెక్కుతాదమ్మా."

మా ఇళ్లలో తోడు అడిగితే లేదనరు. హైమ అతని సీసాలో ఒక చెంచా వేసిచ్చింది. కోటులో తగ్గినంతా మంచినీళ్లు పోసుకుంది. అవీ తోడుకున్నాయి.

అరకు చేరాక తునిలో మా మెకానిక్ కరీముల్లాకి ఫోన్ చేశాను. ఘాటీ మొత్తం ఎక్కినా వేడి చూపించే ముల్లు అడుగునే పడుకుంది, కదల్లేదు అని చెప్పాను.

"సెన్సర్ పోయుంటదండి."

"లేదయ్యా, చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది."

"అయితే ఇంజనే ఆన్ అయ్యుండదండి."

"మరి ఘాటీ ఎలా ఎక్కాను?"

"నేను ఆలోచించి ఫోన్ చేస్తానండి" అని పెట్టేశాడు.

ఆ తర్వాత నెల అంతా మా ఇద్దరి జీవితంలో బాగా గడిచిన నెల. కొండలన్నీ తిరిగాం. హైమ సంతలో కూర్చుని పనసకాయలు బేరమాడేది. ఆగిన ప్రతిచోటా జీపువాళ్లు, ట్రాక్టరువాళ్లు, అప్పలకొండ పంపిన లారీవాళ్లు సీసాలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఇచ్చేది. వాళ్లు ఇంకొకళ్లకి ఇచ్చేవాళ్లు.

ఏదో తేడా వచ్చిందని మొదట కనిపెట్టింది హైమే. బండి కిల్లో జమున అనే ఆవిడ పెరటి పక్కన, మామిడి నీడలో ఆపి ఉంది. జమునకి కాఫీ తోట ఉంది. వాళ్ల ఊరి బస్సు ఎప్పుడొస్తుందో అడగబోయి మాకు స్నేహితురాలైంది.

"ఏవండీ, కోటు వెచ్చగా ఉంది" అంది హైమ.

"ఎండకేమో."

"నీడలో ఉన్నాం కదా."

బండి వెనక్కి వెళ్లి రేడియేటర్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. పొద్దుటినుంచి బండి స్టార్ట్ చెయ్యనే లేదు. తాళం నా జేబులోనే ఉంది. జేబు తడిమి చూసుకున్నాను. మళ్లీ కరీముల్లాకి ఫోన్ చేశాను.

"ఆపిన బండి ఎలా వేడెక్కుద్దండీ? మీరు ఆపి ఉండరు. చూసుకోండి."

"ఆపానయ్యా బాబూ."

"ఒకసారి స్టార్ట్ చేసి మళ్లీ ఆపి చూడండి."

స్టార్ట్ చేశాను, ఆపాను. అలాగే ఉంది. జాలీలో దుమ్మంతా దులిపాను. ఇంటి కిటికీకి కడతాం కదా అని, సంతలో కొన్న వట్టివేళ్ల తడక తడిపి జాలీకి కట్టాను. జమున గుమ్మంలోంచి ఇది చూస్తూ ఉంది.

"గాలి లోనికెల్లకుండా తడక కట్టినావేటి మావా?"

"చల్లబడుతుందని."

"బండికా, నీకా?"

తడక విప్పేశాను. మధ్యాహ్నానికి కోటు ఒంటిమీద ఉంచుకోలేనంత వేడెక్కింది. హైమ విప్పేసి తడి తువ్వాలు కప్పుకుని పడుకుంది. మొహం కందిపోయింది. సాయంత్రానికి కోటు మళ్లీ చల్లబడింది. మర్నాడు మళ్లీ అదే వరస. లారీలు ఎక్కువ తిరిగే వేళకీ కోటు వేడెక్కే వేళకీ ఏదో లంకె ఉందని నాకు తట్టనే లేదు. తట్టడానికి అదేం మామూలు లంకె కాదు కదా.

అక్కడ విశాఖలో వాళ్లూ మాలాగే వెర్రిమొహాలు వేసుకుని ఉన్నారని తర్వాత మృదుల చెప్పింది. ట్యాంకు దానంతటదే వేడెక్కుతోందట. చల్లబరిచే యంత్రం ఆగకుండా తిరుగుతోందట. థర్మామీటరు తప్పు అనుకుని మార్చారు. కరెంటు తీగలు చూశారు. కింద అంతస్తులో వాచ్‌మన్ పొయ్యి వెలిగిస్తున్నాడేమోనని పాపం అతన్నీ నిలదీశారు. ఒక ఉదయం కాలిన వాసన వచ్చి యంత్రం ఆగిపోయింది. వాళ్ల సారు ట్యాంకు చుట్టూ మంచుదిమ్మలు పేర్పించాడు. అవి చూస్తుండగానే కరిగిపోయాయి.

అప్పుడు మృదుల ఫోన్ చేసింది.

"మావయ్యా, అత్తకివ్వు."

జమున వాళ్లింట్లో తడి తువ్వాలు కప్పుకుని పడుకున్న హైమ స్పీకర్‌లో పెట్టింది.

"అత్తా, కోటులో నీళ్లు ఎవరికైనా తోడిచ్చావా?"

"ఎవరికివ్వలేదో అడుగు, చెప్తాను."

అవతల మృదుల వాళ్ల సారుని కేకేస్తున్న చప్పుడు.

"పాలు తోడుకున్నట్టే అన్నావు కదే" అంది హైమ. "తోడంటే ఇవ్వకుండా ఎలా ఉంటాం?"

"అవి అన్నీ ఒకటే నీళ్లు అత్తా. ఆ లారీల వేడంతా నా ట్యాంకులోకి వచ్చింది. ట్యాంకు మొయ్యలేకపోతే నీ కోటులోకి, మీ బండిలోకి, అందరి బండ్లలోకీ వస్తుంది. నువ్వు నీడలో కూర్చున్నా సరే, ఎవడో ఎక్కడో ఘాటీ ఎక్కుతుంటే నీ ఒళ్లు కాలుతుంది."

నేను ఆపిన బండి వంక చూశాను. అది ఆపిన బండి కాదన్నమాట. కొండలన్నిటి మీదా నడుస్తున్న బండ్లన్నీ దాని వెనకాలే ఉన్నాయన్నమాట. అర్థమైనట్టే ఉంది, మళ్లీ అర్థం కానట్టూ ఉంది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాను.

"ట్యాంకు పేలిపోతుందని సారు భయపడుతున్నారు. ఈ సాయంత్రంలోపు నిమ్మరసం పోసి విరిచేస్తానంటున్నారు. ఒకచోట విరిగితే అన్నిచోట్లా విరిగిపోతాయి. అన్నీ మామూలు నీళ్లయిపోతాయి."

"నా కోటూనా?" అంది హైమ.

"నీ కోటూ అత్తా."

"మళ్లీ చేసుకోవచ్చుగా" అన్నాను.

మృదుల గొంతు సన్నబడింది. "మొదటి చుక్క ఎలా కుదిరిందో మాకే తెలీదు మావయ్యా. ఎన్నిసార్లు చేసినా మళ్లీ కుదరలేదు. ఉన్నదల్లా దాని పిల్లలే."

హైమ తువ్వాలు కింద నుంచి చెయ్యి చాపి కోటు ముట్టుకుని, వెంటనే వెనక్కి తీసుకుంది. గది, కిటికీ అద్దం గుర్తొచ్చాయేమో. ఏడవలేదు.

"మీ యంత్రం ఒక్కటే చల్లబరచాలా?" అని అడిగింది. "ఇంకెక్కడైనా చల్లబరిస్తే?"

"ఎక్కడైనా ఒకటే. కానీ అంత చల్లదనం ఎక్కడ దొరుకుతుంది అత్తా?"

గుమ్మంలో నిలబడి వింటున్న జమున, ఎవరూ అడక్కుండానే, "గెడ్డ లేదేటి" అంది.

వాళ్ల తోట కింద కొండవాగు పారుతుంది. దాన్ని వాళ్లు గెడ్డ అంటారు. ఎండాకాలంలోనూ పాదం పెడితే ఎముక దాకా జివ్వుమంటుంది. రేడియేటర్ విప్పి తీసుకెళ్లే టైము లేదు, తెలివీ లేదు. కానీ అది బండి వెనకాలే ఉంది. బండి వెనకభాగం గెడ్డలోకి దింపితే చాలు.

మృదులకి చెప్తే హడలిపోయింది. "మావయ్యా, రాయి తగిలి గొట్టం పగిలి ఒక్క చుక్క పడిందా, గెడ్డ మొత్తం తోడుకుంటుంది. గెడ్డ నదిలో కలుస్తుంది, నది సముద్రంలో కలుస్తుంది. నీకర్థమవుతోందా?"

"అవుతోంది" అన్నాను. నిజానికి సముద్రం దాకా నా ఊహ పోలేదు.

"సారుకి చెప్తాను. ట్యాంకు కాస్త చల్లబడితే నిమ్మరసం ఆపుతారు. లేకపోతే ఆపరు."

జాలీకి కొట్టిన రేకు జమునా నేనూ గడ్డపారతో ఊడబెరికాం. బాత్రూమ్ గోడ కూడా దానితోపాటే ఊడి వచ్చేసింది. అడ్డున్న పెద్ద రాళ్లు పక్కకి దొర్లించాం. హైమని మామిడిచెట్టు కింద పడుకోబెట్టి, మీద తడి తువ్వాళ్లు కప్పి, నేను స్టీరింగ్ పట్టుకున్నాను. బండికున్న అద్దాల్లో వెనక నీళ్లు కనపడవు. జమున గెడ్డలో మోకాలిలోతున నిలబడి చేతులూపింది.

"రా మావా. రా. ఎడమకి. నీ ఎడమకి కాదు, నా ఎడమకి. ఆగు. రాయున్నాది. ఇప్పుడు రా."

వెనకచక్రం ఏదో రాయెక్కి దిగింది. బండి మొత్తం కిర్రుమంది. బ్రేకు తొక్కి పట్టాను. జమున వంగి, చేత్తో అడుగున తడిమింది. దోసిట్లో నీళ్లు పట్టి ఎండకెత్తి చూసింది.

"నీలం లేదు" అంది.

ఇంకొంచెం దింపాను. సైలెన్సర్‌లోకి నీళ్లు పోయి ఇంజన్ గురగురమని ఆగిపోయింది. ఇక అది దానంతటది బయటికి రాదు. ఆ సంగతి అప్పుడు నేను ఆలోచించలేదు.

దిగి పరిగెత్తుకుంటూ హైమ దగ్గరికెళ్లాను. కోటు పక్కనే పడి ఉంది. ఇద్దరం చెరో చెయ్యీ దానిమీద పెట్టి కూర్చున్నాం. వేడిగానే ఉంది. వేడిగానే ఉంది. తర్వాత వెచ్చగా ఉంది. తర్వాత ఏమీ తెలియలేదు, అంటే ఒంటిలాగే ఉంది. తర్వాత చల్లగా తగిలింది. హైమ లేచి కూర్చుని కోటు తొడుక్కుంది. కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

ఫోన్ మోగింది.

"ట్యాంకు వేడి దిగుతోంది మావయ్యా" అంది మృదుల. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "సారు నిమ్మకాయలు ఇంటికి తీసుకుపొమ్మని వాచ్‌మన్‌కి ఇచ్చేశారు. బండి కదపకు."

"ఎన్నాళ్లు?"

"యంత్రం కొత్తది రావాలి. వచ్చినా ఇన్ని లారీలని అది మొయ్యలేదు. తెలీదు మావయ్యా. కదపకు, అంతే."

అలా మా బండి అక్కడే ఉండిపోయింది. ముందు చక్రాలు ఒడ్డున, వెనక భాగం గెడ్డలో, నీళ్లలోకి వెనక్కి నడిచి దిగిన గేదెలా. జాలీ దగ్గర నీళ్లు వెచ్చగా ఉంటాయని ఊరి ఆడవాళ్లు బట్టలు ఉతుక్కోవడానికి వస్తున్నారు. చేపలు మాత్రం అక్కణ్నుంచి పైకి వెళ్లిపోయాయి. దానికి జమున మావయ్య నాతో మాట్లాడ్డం మానేశాడు.

కొన్నాళ్లకి అప్పలకొండ కేబేజీ లోడుతో వచ్చాడు. లారీ ముందు సీట్లో అతని భార్య కూర్చుని ఉంది.

"అమ్మా, ఒడిశా ఎల్తన్నాం. మా ఇంటిది ఒక్కర్తికీ ఏటి తోస్తాదని గోల. నువ్వూ రారాదా? మళ్లీ దింపేస్తాను."

హైమ నావైపు తిరిగింది. కోటు అంచు వేళ్లతో నలుపుతోంది.

"ఏవండీ, ఇది ఎక్కడికెళ్లినా చల్లగానే ఉంటుంది కదా? బండి ఇక్కడుంటే."

"ఉంటుంది."

"బండి ఇక్కడుంటే మీరూ ఇక్కడుండాలి కదా?"

"ఎవరో ఒకరు చూసుకోవాలి. ఆకులవీ పడుతుంటాయి."

"అదే ఆలోచిస్తున్నాను" అంది. ఆలోచించినట్టు నాకైతే కనపడలేదు. అప్పటికే ఒక కాలు లారీ మెట్టు మీద ఉంది.

ఎక్కి కూర్చుంది. తునిలో సామాను లారీ ఎక్కినప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది మొహం. లారీ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను. ఆ మనిషితో కలిసి తిరగడానికే ఈ బండి కట్టించాను. ఇప్పుడు ఆ మనిషి తిరుగుతోంది, బండీ నేనూ ఇక్కడున్నాం. ఇది నేను కోరుకున్నదో కాదో ఎంత ఆలోచించినా తేలలేదు. సంతోషమే అనుకుంటాను.

నిన్న మధ్యాహ్నం ఫోన్ చేసింది. వెనకాల అలల చప్పుడు.

"సముద్రమండీ. ఇసకలో నిలబడ్డాను. ఎండ మండిపోతోంది. అందరూ నన్నే చూస్తున్నారు, కోటేసుకున్నానని."

"చల్లగా ఉందా?"

"ఇందాకటిదాకా బాగానే ఉంది. ఇప్పుడు కాస్త వెచ్చబడుతోంది. పోనీ, నీడకి వెళ్తాలెండి."

"ఉండు. ఫోన్ పెట్టకు."

జేబులో ఫోన్ పడేసి, ప్యాంటు మడిచి గెడ్డలోకి దిగాను. ఎండకి నీళ్లు తగ్గాయి. పాయ అవతలి ఒడ్డుకి జరిగింది. సగం రేడియేటర్ ఒట్టి గాలిలో ఉంది, జాలీకి ఆకులు దట్టంగా అతుక్కున్నాయి. ఆకులు చేతులతో దోసి పారేశాను. పెద్ద రాళ్లు ఒక్కొక్కటే మోసి పాయకి అడ్డంగా పేర్చాను. నీళ్లు కాసేపు ఎటుపోవాలో తెలియనట్టు నిలబడి, చివరికి మెల్లగా బండివైపు తిరిగాయి. జాలీ మునిగింది.

నడుం పట్టుకుని ఫోన్ బయటికి తీశాను.

"ఇప్పుడో?"

అలలు వినపడుతున్నాయి. ఇంకో రాయి ఎత్తి పెట్టాను.

"ఆఁ, ఇప్పుడు బాగుంది" అంది.